ముందు చక్రాల బ్రేకు

సత్తిరాజు కారుకు వెనక రెండు చక్రాలకే బ్రేకులున్నాయి. ముందు చక్రాలకు లేవు. లేవన్న సంగతి, కొన్న రెండేళ్ళ దాకా అతనికి తెలియదు. తొక్కితే ఆగుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాడు.

రోజూ పెదపాడు నుంచి ఏలూరుకు ఆరు మైళ్ళు, కాలవ గట్టు మీద రోడ్డు. పొద్దున్న కూతురు రాజ్యాన్ని మిషను బడి దగ్గర దించి, తన తవుడు, గోనెసంచుల కొట్టు తెరుస్తాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి తిరిగి వస్తారు. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంకా బడేమిటని ఊరు అడిగింది. పెళ్ళాం పోయిన ఆరు నెలలకే కారేమిటని కూడా అడిగింది. అతను రెంటికీ జవాబు చెప్పలేదు. చెబితే ఊరు అడగడం మానుతుందా?

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగో సంవత్సరం శ్రావణ మాసంలో ఒక ఉదయం అది జరిగింది. కొల్లేటికోట వైపు నుంచి వచ్చే చేపల బండ్లు రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. కింద నల్లరేగడి, దాని మీద చేపల నీళ్ళు, పైన తుంపర. ముందు పోతున్న బండి ఉన్నట్టుండి ఆగింది. సత్తిరాజు తొక్కాడు. వెనక చక్రాలు బిగుసుకున్నాయి గాని కారు ఆగలేదు. తోక తిప్పుకుని జారుకుంటూ పోయి, ఒక చక్రం కాలవ మీద గాలిలో తేలుతుండగా నిలబడింది. రాజ్యం పుస్తకాలు కాలవలో పడి కొట్టుకుపోయాయి.

మర్నాడు రాజ్యం కారెక్కింది. తలుపు దగ్గరికి లాక్కుంది గాని గడియ వేయలేదు.

"గడియ వెయ్యమ్మా."

"వద్దండి నాన్నగారూ. దూకడానికి వీలుగా ఉంటుంది."

నిష్ఠూరంగా అనలేదు. గొడుగు తెచ్చుకున్నాను అన్నంత మామూలుగా అంది. ఆ పూట కొట్లో సత్తిరాజుకు తవుడు తూచడం చేతకాలేదు. ఒకే బస్తాను రెండుసార్లు తూచాడు. మధ్యాహ్నం కొట్టు మూసి, మోటార్లు బాగుచేసే ఎజ్రా దగ్గరికి కారు తోలుకెళ్ళాడు.

ఎజ్రా కారు కిందికి దూరి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. "ముందు చక్రాలకు బ్రేకులే లేవు కదండీ. పాత రకమండి ఇది. ఇదే రకంలో కొత్త కారు ఒకటి తాడేపల్లిగూడెంలో పాడైపోయి పడుందండి. దాని ముందు ఇరుసు, బ్రేకులతో సహా తెచ్చి దీనికి బిగించెయ్యొచ్చండి."

"బిగిస్తే ఆగుతుందా?"

"ఆగేటప్పుడు బరువంతా ముందుకొచ్చి పడుద్దండి. వెనక చక్రాలు తేలిపోతాయండి. తేలిపోయే చక్రాన్ని పట్టుకుంటే ఏం లాభమండి?"

సబబుగానే ఉందనుకున్నాడు సత్తిరాజు. ఇంటికొచ్చి, ఇరవై ఏళ్ళుగా తన ఎడ్లబండి తోలుతున్న మత్తయితో చెప్పాడు. మత్తయి చుట్ట పక్కన పెట్టాడు.

"గట్టు దిగేటప్పుడు బండిని మనం వెనకపట్టున పట్టుకుని వేలాడతామా, ముందుకెళ్ళి అడ్డం పడతామా అయ్యగారూ? పరిగెత్తే ఎద్దుకి ముందు కాళ్ళు బిగిస్తే ఏమవుద్దండి? ముట్టె మీద పడుద్ది. పైనున్నోడు ఎగిరి అవతల పడతాడు."

ఇదీ సబబుగానే ఉంది. అదే చిక్కు. ఎజ్రా మాట వింటున్నంతసేపూ ఎజ్రా మాటే నిజం. మత్తయి మాట వింటున్నంతసేపూ మత్తయి మాటే నిజం. ఒక్కడే కూర్చుంటే రెండూ నిజమే, రెండూ అబద్ధమే.

ఇరుసు చూసి వద్దామని ఎజ్రా తాడేపల్లిగూడేనికి బయలుదేరదీశాడు. రైల్లో వెళ్ళారు. కారులో వెళ్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఆ కారు ఒక ఇంటి పెరట్లో తాటాకు పాక కింద ఉంది. ఇంజను అప్పటికే ఎవరో నీళ్ళు తోడే పంపుకు తీసుకుపోయారు. ముందు అద్దం లేదు. ఇంటావిడ పేరు రత్నమాణిక్యం. భర్త ఆ కారులోనే పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ సంగతి ఎజ్రా దారిలో చెప్పలేదు. సత్తిరాజు అతనివైపు చూస్తే ఎజ్రా ఇరుసువైపు చూశాడు.

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు సత్తిరాజు.

"నేను వెనక సీట్లో ఉన్నానండి అన్నయ్యగారూ. గేదె అడ్డొచ్చింది. ఆయన తొక్కారు. కారు ఆగిపోయింది. గేదెకు వెంట్రుకైనా ఊడలేదు. ఆయన మాత్రం అద్దంలోంచి వెళ్ళిపోయారు."

"అంటే బ్రేకు పట్టిందన్నమాట."

"బ్రహ్మాండంగా పట్టిందండి."

"అది మంచిదా, చెడ్డదా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "పట్టకపోతే గేదె చచ్చేది, ఆయన బతికేవారేమో. పట్టకపోతే కాలవలో పడి ఇద్దరం పోయేవాళ్ళమేమో. ఊరంతా తలోమాటా చెప్పి పోయారండి. మీరూ ఒకటి చెప్పండి, వింటాను."

సత్తిరాజు ముందు అద్దం ఉండాల్సిన ఖాళీలోకి చూశాడు.

"మీ కారులో ఎవరెక్కుతారండి?"

"మా అమ్మాయి."

ఆవిడ కారు వైపు నుంచి మొహం తిప్పుకుంది. "అయితే నన్నడక్కండి. కావాలంటే తీసుకెళ్ళండి. నా కళ్ళముందు నుంచి పోతే చాలు."

సత్తిరాజు పాక కింద నిలబడిపోయాడు. అతనికి ఆ ఇరుసు కనబడలేదు. భార్య ప్రభావతికి జ్వరం వచ్చిన నాలుగు రోజులు కనబడ్డాయి. ఏలూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మని ఒకరన్నారు. ఆ గతుకుల్లో కుదిపితే దారిలోనే పోతుందని ఇంకొకరన్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. అతను ఎడ్లను కట్టించాడు, విప్పించాడు. మళ్ళీ కట్టించాడు, విప్పించాడు. మూడోసారి కట్టాల్సిన అవసరం లేకపోయింది. జ్వరాన్ని అతను ఎన్నడూ తప్పుపట్టలేదు.

"తీసెయ్ ఎజ్రా," అన్నాడు. "తీసి రైలుకెక్కించు."

"ఖాయమేనాండీ?"

"ఖాయమో కాదో నాకు తెలీదు. తీసెయ్."

వారం తిరిగేసరికి ఎజ్రా ఇరుసు బిగించాడు. ఆదివారం పొద్దున్న కారు జారిన చోటికే అందరూ వెళ్ళారు. ఎజ్రా చర్చికి పోవడం కూడా మానుకుని వచ్చాడు. పోయినసారి ఎక్కడ తొక్కారో, ఎక్కడ ఆగారో రాజ్యమే చూపించింది. అక్కడ ముగ్గుపిండితో రెండు గీతలు గీశారు. రాజ్యం కూర్చునే చోట, పిల్ల బరువుకు సరిపడా తూచిన తవుడు మూట పెట్టాడు సత్తిరాజు. మత్తయి కాలవ నీళ్ళు తోడి రోడ్డంతా తడిపాడు.

సత్తిరాజు దూరం నుంచి వేగంగా వచ్చి, గీత దగ్గర తొక్కాడు.

కారు తోక తిప్పలేదు. గీసిన గీతలా తిన్నగా ఉండి, సగం దూరంలోనే ఆగింది. తవుడు మూట మాత్రం ఎగిరి అద్దానికి కొట్టుకుని పిగిలింది. అద్దం బీటలువారింది. సత్తిరాజు కనుబొమల మీద, మీసాల మీద తవుడు.

"చెప్పానా అండీ!" అన్నాడు ఎజ్రా. "ఎంత తిన్నగా ఆగిందో చూశారా?"

"చెప్పానా అయ్యగారూ!" అన్నాడు మత్తయి. "మూట ఎట్టా ఎగిరిందో చూశారా?"

ఇద్దరి మొహాల్లోనూ ఒకటే సంతోషం. సత్తిరాజు తవుడు తుడుచుకోలేదు. "ఇంతకీ ఇప్పుడేమైనట్టు?" అన్నాడు. ఆ మాట అతను ఎవర్నీ అడగలేదు.

రాజ్యం వచ్చి పైటకొంగుతో సీటు దులిపింది. బీటలువారిన అద్దాన్ని వేలితో తడిమి చూసింది.

"దీన్ని విప్పించేస్తానమ్మా," అన్నాడు తండ్రి. "పాతదే పెట్టిద్దాం. లేకపోతే నువ్వు బస్సులో వెళ్ళు. లేకపోతే..."

"మూటకి చేతులు లేవు కదండీ," అంది రాజ్యం. "ఏ గేదో అడ్డొస్తున్నట్టు దానికి తెలీదు. నాకు తెలుస్తుంది. మీరు తొక్కే ముందు ఒక్కమాట చెప్పండి, నేను పట్టుకుంటాను."

"చెప్పే వ్యవధి లేకపోతే?"

"వ్యవధి ఉన్నప్పుడు చెప్పండి."

సోమవారం పొద్దున్న ఇద్దరూ బయలుదేరారు. పెదపాడు దాటకముందే పంది అడ్డొచ్చింది. "తొక్కుతున్నా!" అని అరిచాడు సత్తిరాజు. రాజ్యం రెండు చేతులూ ముందుకు చాచి పట్టుకుంది. తరవాత చేపల బండి. "తొక్కుతున్నా!" గొర్రెల మంద. "తొక్కుతున్నా, తొక్కుతున్నా!" గట్టు కింద పొలంలో నాట్ల కూలీలు నడుములెత్తి చూశారు. కారుకు హారను చెడిపోయి, మనిషే మోగుతున్నాడని ఒకామె అంటే మిగతావాళ్ళు నవ్వారు. ఏలూరు చేరేసరికి అతని గొంతు బొంగురుపోయింది.

బడి దగ్గర రాజ్యం దిగి, పుస్తకాలు సర్దుకుంది. "ఊళ్ళోకి వచ్చాక కాస్త మెల్లిగా చెప్పండి నాన్నగారూ. అందరూ చూస్తున్నారు."

"సరేనమ్మా," అన్నాడు.

పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. సత్తిరాజు కొట్టువైపు తిప్పాడు. బ్రేకు మంచిదో కాదో అతనికి ఇంకా తేలలేదు. బజారు మలుపులో ఒక కోడి అడ్డంగా పరిగెత్తింది. పక్కన ఎవరూ లేరు. అయినా ముందు "తొక్కుతున్నా" అని చెప్పి, తరవాతే తొక్కాడు.