వెనక్కి జరగక్కర్లేని లెన్స్

మా ఆయనకు లెన్స్ ఎంపిక చేసింది నేనే. ఫొటోల సంగతి నాకు బొత్తిగా తెలియదు, అయినా నేనే. ఆయన ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో గాంధీనగర్‌లో భానుప్రకాశ్ మంచం చూస్తే తెలుస్తుంది మరి.

భానుప్రకాశ్, మా ఆయన కిషన్ రావు ఒకే ఆఫీసు. ఆదివారం వస్తే చాలు, చెరో కెమెరా మెడలో వేసుకుని గుట్టలెక్కేవాళ్ళు. మనుషుల ఫొటోలు తీయరు మహానుభావులు, రాళ్ళూ చెరువులూ మబ్బులే కావాలి. 2011 వానాకాలంలో ఒక గుట్ట మీద భానుప్రకాశ్ వెనక్కి పడిపోయాడు. నడుము విరిగింది. కాళ్ళు ఇక లేవవన్నారు డాక్టర్లు. మా ఆయన అప్పుడు పక్క బండ మీదే ఉన్నాడు, కన్ను తన కెమెరాలో పెట్టుకుని. రాళ్ళు జారిన చప్పుడు విన్నానని మాత్రం చెప్పాడు. అంతకు మించి ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు.

ఎట్లా పడ్డాడో భానుప్రకాశే చెప్పాడు, నేను జొన్న రొట్టెలు తీసుకుని చూడబోయినప్పుడు.

"గుట్ట మొత్తం ఫొటోల పడ్తలేదు వదినా. జర ఎనకకు జరిగితే పడ్తదనుకున్న. జరిగిన, గంతే."

అప్పటి నుంచి మా ఆయన ఇంట్లో గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసినా పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకునేదాన్ని.

ఏడాది పాటు కెమెరా ముట్టని మనిషి, ఒకరోజు మళ్ళీ బ్యాగు దులిపాడు. ఏడ్చాను, పోట్లాడాను, మూడు పూటలు మాట్లాడడం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"అంచుకు పోనే పోను నళినీ. ఒట్టు."

ఈయన ఒట్లు నాకు కొత్తా? సిగరెట్ మీద వేసిన ఒట్లకే లెక్కలేదు. అందుకని షరతు పెట్టాను. కెమెరా పట్టాలంటే అన్నిటికంటే వెడల్పుగా చూసే లెన్స్ కొనాలి. నిలబడ్డ చోటి నుంచే గుట్టంతా పడాలి, వెనక్కి జరిగే అవసరమే రాకూడదు. పెళ్ళామే లెన్స్ కొనమంటే వద్దనే మొగుడు ఉంటాడా? చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా స్కూటర్ మీద ఈల వేస్తూనే ఉన్నాడు.

ఫ్లైఓవర్ దగ్గరి సందులో అనురాగ్ అనే అతని కెమెరాల కొట్టు ఉంది. అతను గాజు బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి రెండు లెన్సులు పెట్టాడు.

"నంబర్ ఎంత చిన్నగుంటే గంత వెడల్పు చూస్తది మేడం. అన్న దగ్గరున్నది పద్దెనిమిది కాంచి షురువైతది. ఇది పన్నెండు, ఇది పది. రెండూ జూమే."

"పన్నెండు చాలు," అన్నాడు మా ఆయన. "అంచులు వంకర పోవు."

నేను కెమెరా లాక్కుని మొదటిసారి కన్ను పెట్టాను. పన్నెండులో ఎదుటి స్వీట్ షాపు, ఫ్లైఓవర్ స్తంభం సగం పడ్డాయి. పదిలో స్తంభం పూర్తిగా పడింది. అటు ఆటోలు, ఇటు బస్సు, ఫుట్‌పాత్ మీద జామకాయల బండి కూడా. ఇంత చూసే లెన్స్ ఉంటే భానుప్రకాశ్ ఈపాటికి నడుస్తూ ఉండేవాడు కదా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పదిదే ఇయ్యి," అన్నాను.

"మేడం, దీంట్ల దగ్గరున్నయి గూడ దూరం కనిపిస్తయి. జర అలవాటు కావాలె."

"దూరముంటేనే మంచిది బాబూ."

అనురాగ్ మా ఆయన వంక చూశాడు. "ఇంట్ల హైకమాండ్ చెప్పినంక ఇంకేముంది, ప్యాక్ చెయ్యి," అన్నాడు మా ఆయన. చాలా కాలానికి నా గుండె కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే అశోక్‌నగర్ వెళ్ళాం. అక్కడ మా అన్న బాలకిషన్‌కు బిల్డింగ్ ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు హాస్టల్‌గా కిరాయికిచ్చాడు. పైన కొత్తగా ఇంకో అంతస్తు వేయించాడు. స్లాబ్ అయింది కానీ చుట్టూ పిట్టగోడ ఇంకా కట్టలేదు. అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ కనిపిస్తుందని మా ఆయన ఉబలాటం.

పిట్టగోడ లేదని తెలిసే నేనూ వెంట వెళ్ళాను. మెట్ల గది గోడకు ఆయన వీపు ఆనించి నిలబెట్టాను. ఇక వెనక్కి ఎక్కడికి పోతాడు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఇక్కణ్నుంచే తియ్యండి. అన్నీ పడ్తయి కదా."

"పడ్తున్నయి," అన్నాడు కన్ను పెట్టి. "గానీ సాగర్ చీమంత అయింది. ముందటంత ఉత్త సిమెంటే. గా సిమెంట్ పోయి కింద గల్లీ కనబడాలె. గల్లీ కాంచి సాగర్ దాక ఒక్క ఫొటో."

కెమెరా నిలువుగా తిప్పాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇంకా సిమెంటే," అన్నాడు. ఇంకో అడుగు వేశాడు. నేను గోడకు, ఆయన వీపుకు మధ్య సందునే చూస్తున్నాను, నా కాపలా అంతా వెనక వైపే. తలెత్తేసరికి ఆయన స్లాబ్‌లోంచి పైకి లేచిన ఇనుప చువ్వలు కూడా దాటి ఉన్నాడు.

"అంచు ఇంకా చానా దూరమున్నది," అని గొణుక్కుంటున్నాడు.

దూరం లేదు. నాకు కనిపిస్తోంది. స్కూటర్ అద్దంలో లారీ ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తుంది, తిరిగి చూస్తే పక్కనే ఉంటుంది. ఆ అద్దాన్నే నేను ఏరికోరి ఈయన కంటికి కట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పిలుద్దామని నోరు తెరిచి మూసేశాను. మా ఇంట్లో బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు, అపశకునం. పిలిస్తే ఈయన మనిషి మొత్తం గిర్రున తిరిగి తిట్లు మొదలుపెడతాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. అక్కడ తిరిగితే ఏముంది ఇక?

కింద గల్లీలో ఎవరో ఛాయ్ గ్లాసులు కడుగుతున్న చప్పుడు అంత ఎత్తుకూ వినిపిస్తోంది. చెప్పులు విడిచాను. ఇసుక కరకరలాడకుండా పాదాలు ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఆయన ఇంకో అడుగు ఎత్తాడు. దేవుడా, అది కింద పెట్టేలోపు నా చేయి అందాలి అనుకున్నాను. ఆయన కాలు పెట్టాడు, నేను బెల్టూ చొక్కా కలిపి గుప్పిట పట్టాను.

"ఏంది నళినీ, ఊగుతున్నది. ఆగు, ఒక్క ఫొటో." క్లిక్‌మంది.

"కన్ను తియ్యండి," అన్నాను. "మెల్లగ."

తీశాడు. ముందుకు చూశాడు, తర్వాత కిందికి. నా గుప్పిట్లో ఆయన నడుము బిగుసుకుపోయింది. వెనక్కి అడుగు పడకూడదని లెన్స్ కొనిపించిన దాన్ని, ఒక్కో అడుగూ వెనక్కే లాగాను, వీపు మళ్ళీ గోడకు తగిలేదాకా.

ఇద్దరం అక్కడే కూలబడ్డాం. ఆయన కెమెరా తెర వెలిగించి చూశాడు. సాగర్ ఉంది, ఆకాశం ఉంది, గల్లీ ఉంది. ఫొటో అట్టడుగున ఆయన చెప్పుల ముందుభాగాలు ఉన్నాయి. వాటి కింద స్లాబ్ లేదు. రెండు చెప్పుల మధ్య, ఎక్కడో లోతున, ఛాయ్ బండి రేకు కనిపిస్తోంది. ఆయన వేలు ఆ ఫొటో చెరిపేయబోయింది. నేను పట్టుకున్నాను.

"ఉండనియ్యండి. భానుప్రకాశ్ చూడాలె."

మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. అది భయమే, కానీ స్లాబ్ అంచు భయం కాదని నాకప్పుడు తెలియలేదు.

ఆ సాయంత్రమే ఫొటో ప్రింటు వేయించుకుని గాంధీనగర్ వెళ్ళాం. భానుప్రకాశ్ ఫొటో చేతికి తీసుకుని ఆ చెప్పుల దగ్గర ఆగాడు.

"కిషన్ ఎనక ఎవరున్నరు?"

"నేనే. బెల్టు పట్టుకున్న. పట్టుకుంటే 'ఆగు, ఒక్క ఫొటో' అంటడు సూడు."

భానుప్రకాశ్ ఫొటోను కదలని తన మోకాళ్ళ మీద బోర్లా పెట్టాడు. గొంతులో కోపం లేదు.

"నేను పిలిచిన వదినా ఆ రోజు. కాలు జారుతున్నది, జర చెయ్యియ్యి కిషన్ అన్న. గిదే మాట అన్నడు."

మా ఆయన మంచం కోడు పట్టుకుని నేల చూస్తున్నాడు.

"నువ్వు ఆగలే," అన్నాడు భానుప్రకాశ్ నాతో. "మంచి పని చేసినవ్ వదినా."