ఐదవ కుర్చీలోని ప్లాస్టర్ తల

ఆనాటి సమావేశానికి హాజరైనవారు, కుర్చీల వరుసలో: అధ్యక్షులు ఆచార్య పేరి లక్ష్మీపతి గారు, కార్యదర్శి దేవసహాయం మాస్టారు, మనోవైద్యులు డాక్టర్ మస్తాన్ గారు, విశ్రాంత చరిత్రోపన్యాసకురాలు నందుల హైమవతి గారు, ఐదవ కుర్చీలో నేను.

నేను ఒక ప్లాస్టర్ తలను. మెడ కింద నాకేమీ లేదు. నెత్తి మీది ఎత్తుపల్లాలను తడిమి మనిషి గుణం చెప్పవచ్చునని పెద్దలు గాఢంగా నమ్మిన కాలంలో నన్ను పోతపోశారు. నా మీద గళ్లు గీసి, ఒకదానిలో భక్తి అనీ, పక్కదానిలో దొంగబుద్ధి అనీ రాశారు. రెంటికీ మధ్య అంగుళం దూరమైనా లేదు. ఒక దొర బల్ల మీద, ఒక జైలు అధికారి గదిలో, ఒక కళాశాల అటక మీద కాలం గడిపి, కాకినాడలో ఒక గ్రంథాలయపు మేడ గదికి, మానవశాస్త్రాల చరిత్రకారుల మండలికి చేరాను. శాస్త్రం మనిషిని ఎంత పొరపాటుగా చదివిందో చర్చించడం ఈ మండలి పని. అందుకు నాకంటె మంచి సాక్షి దొరకదు.

హైమవతి గారికి నేను గిట్టను. "దీన్ని చూపించి ఎంతమందిని దొంగలన్నారో! అవతల పారేయండి మాస్టారూ" అని పదకొండేళ్లుగా ప్రతి సమావేశంలోనూ అంటున్నారు.

వరుసగా మూడు సమావేశాలకు ఐదుగురు కూడకపోతే గది గ్రంథాలయానికి తిరిగి పోవాలని నియమం. అది మూడవది. వచ్చిన మనుషులు నలుగురు. గ్రంథాలయాధికారి అప్పలస్వామి గారు తాళంకప్పతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనుక, బండిని కింద నిలిపి వచ్చిన పాతసామాన్ల వ్యాపారి నన్నే చూస్తున్నాడు.

"నలుగురే కదండీ. ఇంకెందుకండీ సాగదీయడం?" అన్నారు అప్పలస్వామి గారు.

దేవసహాయం మాస్టారు పాత మినిట్స్ పుస్తకం తెరిచారు. కీర్తిశేషులైన పూర్వ కార్యదర్శి గారు కుర్చీలో ఏది కనబడితే దానిని హాజరు వేసేవారు. నలభైయొక్క సమావేశాలలో నేనున్నాను. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

"సమకాలిక లిఖిత ఆధారం! దీన్ని ఖండించే పత్రం ఉంటే చూపించండి" అన్నారు అధ్యక్షులు.

చరిత్రకారులు గనుక ఎవరూ నవ్వలేదు. డాక్టర్ మస్తాన్ గారు నా కణత తడిమి, "నిలకడైన మనిషండీ. ఒక్క మీటింగూ ఎగ్గొట్టలేదు" అని ధ్రువీకరించారు.

"సరేనండి, ఉన్నాడనే అనుకుందాం. గది కావాలని ఐదు చేతులు ఎత్తండి మరి" అన్నారు అధికారి.

నాలుగు చేతులు లేచాయి. నన్ను పోతపోసినవారి పిసినారితనం నాకు మొదటిసారి తెలిసివచ్చింది. అంతలో నా నెత్తికి ఎగువన మరో చేయి లేచింది. హైమవతి గారి ఎడమ చేయి.

"ఇదెవరిదండీ?"

"ఆయనది. నాకు రెండున్నాయిగా, ఒకటి ఇచ్చాను."

"మీరే పారెయ్యమనేవారు కదమ్మా?"

"పారెయ్యాలో వద్దో ఇక్కడ కూర్చుని మేం పోట్లాడుకోవాలి. తేల్చడానికి మీ బండివాడెవడండీ?"

అప్పలస్వామి గారు చేతులను రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ ఐదే వచ్చాయి. ఆయన తాళంకప్పను జేబులో వేసుకుని మెట్లు దిగారు.

చివరి తీర్మానాన్ని ప్రతిపాదించినది నేనని మాస్టారు రాశారు. నేను ఖండించలేదు. అది ఇది:

"తాము ఏనాడూ ఆమోదించని ఐదవ సభ్యునికి, అతనిని ఇకముందు కూడా వ్యతిరేకించే హక్కును వదులుకొనకుండానే, తమ ఎడమ చేతిని ఇచ్చి గదిని నిలబెట్టిన శ్రీమతి నందుల హైమవతి గారికి ఈ మండలి తన కృతజ్ఞతను సగౌరవంగా నమోదు చేయుచున్నది."