తడి తగలని గది

మా తోడికోడలు జగదాంబకి ఎవరైనా వద్దంటే ఆ పని చేసి తీరాలి. ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊరికి కాపరానికొచ్చిన కొత్తలో ఎండలో మాంగో వంతెన మీద నడవొద్దన్నానని, సువర్ణరేఖ నది దాటి వెళ్ళి, మళ్ళీ దాటి వచ్చి, ముచ్చెమటలతో నా ఎదుట నిలబడి నవ్విన మనిషి. అందుకే పర్సుడీహ్ బజారు వెనక గోవిందరావు గారి షెడ్డులో పనికి కుదిరానని చెప్పినప్పుడు నేను నోరు మూసుకున్నాను. కాదంటే రెండు రోజులు ముందే వెళ్ళి కూర్చునేది.

గోవిందరావు గారు మా శ్రీకాకుళం వైపు మనిషే. ఎక్కడో కెమిస్టుగా చేసి మానేసి, సొంతంగా ఒక సరుకు తయారుచేస్తున్నారు. అమైనో ఆమ్లమట, తెల్లటి పొడి. దాన్ని రేకు పళ్ళాల్లో పోసి బట్టీలో కాలిస్తే గట్టి గడ్డ కడుతుంది. ఆ గడ్డని సోడా నీళ్ళలో, ఇంకేవో మందుల్లో నానబెట్టి, ఆరబెట్టి దంచితే బొంబాయి రవ్వలాంటి పలుకులొస్తాయి. గ్లాసు నీళ్ళలో చిటికెడు వేశారంటే నీళ్ళన్నీ తాగేసి, గ్లాసు బోర్లించినా జారని ముద్దవుతుంది. మొక్క మొదట్లో పెడితే ఆ తడిని మెల్లగా వేళ్ళకి వదులుతుందట. పంట చేతికొచ్చాక మట్టిలోనే కుళ్ళి మాయమైపోతుందట.

ఆ ఏడు, అంటే ఎనభై రెండులో, వానలు మొహం చాటేశాయి. టెక్కలి దగ్గర జగదాంబ కన్నవారి చోడి చేను నెర్రెలిచ్చిందని కబురొచ్చింది. ఈ సరుకు ఒక బస్తా వాళ్ళ అయ్యకి పంపాలని ఆమె అడిగింది. పని పూర్తయ్యాక ఇస్తానని ఆయన మాటిచ్చారు. ఇక ఆమెని ఆపడం బ్రహ్మతరం కాదు.

పని పెద్ద కష్టమైంది కాదు. దంచినప్పుడు పలుకులతోపాటు పిండిలాంటి నుసి వస్తుంది. నుసి ఉంటే మట్టిలో ఉండలు కడుతుందని వేరుచేయాలి. జల్లెడ కన్నాలు ఊరికే మూసుకుపోతున్నాయి. మన ఆడవాళ్ళు బియ్యం చెరగడం చూస్తూ పెరిగిన గోవిందరావు గారికి చేట గుర్తురావడంలో వింత లేదు. కానీ బియ్యాన్ని మనం వాకిట్లో, గాలివాటు చూసుకుని చెరుగుతాం. ఈ సరుక్కి గాలిలో తడి తగిలినా ముద్ద కట్టే గుణం. అందుకని బట్టీ పక్క గదిలో తలుపులూ కిటికీలూ బిగించి చెరిగించేవారు. తాగే నీళ్ళ చెంబు కూడా గుమ్మం దాటి లోపలికి పోకూడదు.

ఒకసారి నేను చూడ్డానికి వెళ్ళాను. గది నిండా తెల్లటి పొగలా నుసి. జగదాంబ కనురెప్పలు కూడా నెరిసిపోయాయి.

"గాలాడకుండా ఇదేటి బాబూ, మనుసులు ఎలాగుంటారు?" అన్నాను.

గోవిందరావు గారు నవ్వి, చేటలోంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. "భయం లేదు సూర్యకాంతమ్మా. ఇది రాయి కాదు, బొగ్గు కాదు. మనం తినే పప్పులో ఉండేదే."

ఆయన అబద్ధం చెప్పలేదు. తింటే ఆయనకి ఏమీ కాలేదు కూడా. బొగ్గుపొడి పీల్చే మగవాళ్ళ మధ్య బతుకుతున్నదాన్ని, పప్పు నుసికి భయపడితే నవ్విపోతారనుకుని వచ్చేశాను.

ఆశ్వయుజం వచ్చేసరికి జగదాంబకి దగ్గు పట్టుకుంది. ఈ ఊళ్ళో దుమ్ము పనికి మందు ఒకటే, బెల్లం ముక్క, చెంబుడు నీళ్ళు. ఫర్నేసు దగ్గర చేసేవాళ్ళయినా, యార్డులో బొగ్గు ఎత్తేవాళ్ళయినా ఇంటికి రాగానే అదే మింగుతారు. నేనూ సాయంత్రం గుమ్మంలో బెల్లం పట్టుకుని నిలబడేదాన్ని. ఆమె బెల్లం చప్పరించి, చెంబు ఎత్తి గటగటా తాగి, ఇంకో చెంబు అడిగేది. దాహం తీరేది కాదు. దగ్గు తగ్గేది కాదు. రానురాను వెల్లకిలా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీయడం మొదలుపెట్టింది. ఆమె ఊపిరిలో కూత వింటుంటే నాకు అన్నం సహించేది కాదు.

"ఒలే జగదా, ఆ పని ఒగ్గీయే. నీ గుండెల్లో పిల్లికూతలు నాకు ఇక్కడికి ఇనపడతన్నాయి."

"ఒగ్గీలేనక్కా. బస్తా వచ్చీదాకానే కదా. అయిపోవొచ్చింది."

జగదాంబ మొగుడు, మా మరిది ఆదిబాబు కాంట్రాక్టు పని మీద బొకారోలో ఉన్నాడు. రమ్మని కబురు పెట్టి, ఈలోగా ఆమెని సాక్చిలో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఏం దుమ్ము అని ఆయన హిందీలో అడిగాడు. "ఖానే కా చీజ్ హై, డాక్టర్ సాబ్," అంది ఈ మహాతల్లి, తినే వస్తువేనని. ఆయన మందు రాసిచ్చి, పని మానుకో, మానలేకపోతే ముక్కుకి తడిగుడ్డ కట్టుకో అన్నాడు. ఈమె చెవికి రెండోదే ఎక్కింది. తడి లోపలికి రాకూడదు కదా, అందుకని మర్నాడు తడిపిన తువ్వాలు కొంగు కింద దాచి తీసుకెళ్ళింది.

సాయంత్రం ఆ తువ్వాలు నా చేతికిచ్చి కూలబడింది. ఉతుకుదామని కుళాయి కింద పెట్టాను. ముక్కు తగిలిన చోట తెల్లగా, మీగడలా పేరుకుని ఉంది. నీళ్ళు పడగానే ఉబ్బింది. గోటితో గీకాను, ఇంకా ఉబ్బింది. కడిగినకొద్దీ పెరుగుతోంది. చూస్తుండగానే తువ్వాలు కనపడకుండా పోయి, బేసిను నిండా సగ్గుబియ్యం గంజిలా వణుకుతూ నిలబడింది. ఒక్క పూట గుడ్డకి అంటిన నుసి అది. అంతకుముందు గుడ్డ లేకుండా పీల్చిందంతా ఎక్కడుందో అప్పుడు అర్థమైంది.

బేసిను చంకనెత్తుకుని షెడ్డుకి పోయాను. దారిలో ఎవరు పలకరించారో కూడా తెలీదు. గోవిందరావు గారి బల్ల మీద దభీమని పెట్టాను.

"దాని ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఇది బాబూ. నీళ్ళు పోసేతలికి ఇలాగైపోనాది."

ఆయన వేలు ముంచి చూశారు. స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. తిట్టడానికే వెళ్ళినదాన్ని, ఆయన కనురెప్పల మీద కూడా నుసి చూశాను. ఆ గదిలో ఆయన కూడా గంటలు గంటలు కూర్చునేవారు.

"నోట్లోకి పోతే ఏమవుతుందనే చూశానమ్మా," అన్నారు. "ఊపిరితోపాటు పోతే ఏమవుతుందన్నది నాకు తట్టలేదు."

"కరిగిపోద్దన్నారు కదా మీరు?"

"మట్టిలో. మట్టిలో పురుగూ పుట్రా, కంటికి కనపడని జీవాలుంటాయి. అవి తినేస్తాయి. మూణ్ణెల్లలో ఆనవాలుండదు."

"మరి మనిసి గుండెల్లో?"

"తెలీదమ్మా. ఎవరూ చూడలేదు."

వెళ్ళి ఆ గది తలుపూ కిటికీలూ బార్లా తెరిచేశారు. ఇక ఎవర్నీ రానివ్వనన్నారు, జగదాంబని పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్తానన్నారు. నేను వినిపించుకోకుండా నడిచాను. మాలో పోయినవాళ్ళని కాల్చరు, మట్టిలో పెడతారు. ఆ సంగతి అప్పుడే గుర్తురావాలా? నా బుద్ధికి తెగులు పట్టా అని దారి పొడుగునా తిట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి జగదాంబ మోకాళ్ళ మీద చేతులాన్చి, ముందుకి వంగి కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటోంది.

"బస్తా... ఇచ్చీసినారా అక్కా?"

"ఇత్తారంట. నువ్వు మాటాడకు."

"నోరెండిపోతంది. నీళ్ళియ్యి."

చెంబు ముంచాను. నిండిన చెంబు చేతిలో పట్టుకుని కుండ దగ్గరే నిలబడిపోయాను. కడుపులోకి పోయే నీళ్ళు వేరు, గుండెల్లో ఉన్న తడి వేరు అని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి కదలలేదు.

"అక్కా," అంది జగదాంబ, చెయ్యి చాపి. "ఎందుకలాగ చూత్తన్నావు? నీళ్ళే కదా అడిగినాను."