సమాధి మట్టితో మంచిర్యాలకు

కొంగరకలాన్ చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం హోటళ్లలో చాయ్ తాగుతూ మనవాళ్లు ఎకరం ధర గురించి మాట్లాడుకుంటారు గానీ, ఆ ఎకరంలో ఎవరిని పూడ్చారో ఒక్కరూ అడగరు. అలా అడగకపోవడం ఎంత పాపమో అంజిలయ్యకు జరిగింది వింటే తెలుస్తుంది.

అంజిలయ్య తన రెండెకరాలను దయాకర్ అనే మంచిర్యాల వ్యాపారికి అమ్మాడు. గట్టు పక్కనున్న తల్లి సుక్కమ్మ సమాధిని ముట్టనని దయాకర్ మాటిచ్చాడు. సమాధి జోలికి ఎవడు పోతాడులే అని అంజిలయ్య దాన్ని కాగితంలో రాయించలేదు. మన పల్లెల్లో అందరం చేసే పొరపాటే ఇది. పెద్దల అమావాస్య పెత్రమాస నాడు తల్లికి అన్నం పెట్టడానికి పోతే అక్కడ సిమెంటు రోడ్డు కనిపించింది. పక్కన జేసీబీ తోడిపోసిన మట్టిలో సమాధి రాళ్లు ముక్కలై ఉన్నాయి.

అంజిలయ్య ఏడవలేదు. ఆ మట్టిని సంచిలో నింపాడు. దసరా నాడు మంచిర్యాలలో దయాకర్ కొత్త ఇంటి గృహప్రవేశమని విన్నాడు. చుట్టాలందరి ముందు ఆ గడపలోనే మట్టి కుమ్మరించి వాడి పరువు తీయాలనుకున్నాడు. బస్సులో ఎవరో అడిగితే సంచిలో ఉన్నదేమిటో దాచకుండా చెప్పేశాడు. ప్రయాణికులు గోల చేశారు, కండక్టర్ దింపేశాడు. అప్పుడు ఇంటికి తిరిగొచ్చి, సంచిని కట్టుకుని సైకిలెక్కాడు.

సిద్దిపేట దాకా ఎండ పొడ లేదు, రోడ్డు బాగుంది. అక్కడ పంక్చర్లు వేసే అబ్దుల్ రహీం అతని సంగతి విని, టైరు మార్చి, రొట్టె పెట్టి పంపాడు. కరీంనగర్ దగ్గర రెండు రోజులు వాన వదల్లేదు. అంజిలయ్య ప్లాస్టిక్ కవరు సంచికి కప్పి తాను తడిశాడు, జ్వరం తెచ్చుకున్నాడు. వెనక్కి పోదామనిపించినప్పుడల్లా ఆ రాళ్ల ముక్కలు గుర్తొచ్చి పళ్లు కొరికి పెడల్ తొక్కాడు.

గోదావరి వంతెన మీద మక్క కంకులు కాల్చే ఆమె ఆ మట్టిని నీళ్లలో కలిపితే పుణ్యమని చెప్పింది.

"గోదారి మా అవ్వను తవ్వలేదక్కా. తవ్వినోని ఇంటికే పోత" అన్నాడు అంజిలయ్య.

దసరా పొద్దున చుట్టాలు ఫలహారాలు చేస్తుండగా గడపలో మట్టి కుమ్మరించాడు.

"దయాకర్, మా అవ్వ నీ ఇల్లు చూడనీకి వచ్చింది."

సంగతి తెలిసి చుట్టాలు విస్తళ్ల ముందు నుంచి లేచారు. దయాకర్ చీపురు తెమ్మని అరిచాడు. అతని తల్లి భూలక్ష్మి అడ్డుపడి, ఆ మట్టిని కొడుకు చేతులతోనే ఎత్తించి, గేటు పక్కన గుంత తీయించి పూడ్పించింది. పట్టుబట్టలతో వాడు మోకాళ్ల మీద కూర్చుని మట్టి తోడుతుంటే అంజిలయ్య కదలకుండా నిలబడి చూశాడు. కడుపు చల్లబడింది. జాలి మాత్రం కలగలేదు.

చుట్టాలు ఇక చాలమ్మా అన్నారు. భూలక్ష్మి వాళ్ల వైపు తిరిగింది.

"గీయన అమ్మింది భూమిని, తల్లిని కాదు. కాగితంల లేదని ఒకరి తల్లిని తవ్వినోడు, రేపు నన్ను మాత్రం మట్టిల ఉండనిస్తడా?"