బావి పుస్తకంలో తెల్ల కాగితాలు

వీరరాఘవయ్య దగ్గరున్న పుస్తకాల్లో కొన్నది ఒక్కటీ లేదు. అన్నీ పొట్లాలు కాకుండా తప్పించుకున్నవే.

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు మొగదల ఆయనకి కిరాణా కొట్టు ఉంది. ఇప్పుడది కొడుకు కిషోర్‌బాబు చేతిలోకి వచ్చి, సరుకంతా ప్లాస్టిక్ కవర్లలోకి మారింది. ఆయన గల్లా దగ్గర కూర్చున్న రోజుల్లో మాత్రం పావుకిలో పప్పయినా, గుప్పెడు ఎండుమిరపకాయలైనా కాగితంలో చుట్టి పురికొస కట్టి ఇవ్వాల్సిందే. పాత కాగితాల సాంబయ్య నందిగామ నుంచో మైలవరం నుంచో మోపు కట్టుకొచ్చి తూకానికి పోసేవాడు. దినపత్రికలు పొట్లాలకి పోయేవి. వారపత్రికలు కనబడితే వీరరాఘవయ్య సీరియల్ పేజీలు ఊడదీసి గల్లా పెట్టె కింద దాచుకునేవాడు. కొన్నాళ్ళకి అవి ఒక దొంతరయ్యాక, దబ్బనంతో కుట్టి, మైదా జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసేవాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఈ ఊళ్ళో సంచులకేం కరువు?

తూకానికొచ్చే కాగితాలకి వరస ఉండదు. ఒక నవలకి మొదలుండదు, ఒకదానికి నడుం ఉండదు. దొరకని వారం ఉన్నచోట ఆయన తెల్ల కాగితాలు పెట్టి కుట్టేవాడు. ఎప్పటికైనా ఆ వారం దొరికితే అక్కడ అంటించుకోవచ్చని. కొన్ని అలా దొరికాయి కూడా. మిద్దె మీది గదిలో రెండు చెక్క బీరువాల నిండా అవే. వాటికి పత్రికల వాళ్ళు పెట్టిన పేర్లు ఆ ఇంట్లో ఎవరికీ పట్టవు. డాక్టరమ్మ పుస్తకం, రైలు దొంగ పుస్తకం, బావి పుస్తకం, ఇలా ఆయన పెట్టిన పేర్లే.

చదువులో ఆయన పద్ధతులు ఆయనవి. ప్రేమ కథ చదివితే కుర్రాడు ఏం చేసి బతుకుతున్నాడో తేలేదాకా ఊరుకోడు. "పేజీలకి పేజీలు షికార్లు తిరుగుతున్నాడు, వీడికి కొట్టా పొలమా?" అని పక్కనున్నవాళ్ళని అడిగేవాడు. హంతకుడెవరో తేలకుండా ఆగిపోయిన పుస్తకాలంటే మహా ఇష్టం. తేలితే ఇంకేముంది, మూసి పెట్టడమేగా అనేవాడు. అన్నిటికీ మించి, కథలో మనుషులు అన్నం తినాలి. "కాఫీలు తాగుతారు, కన్నీళ్ళు తాగుతారు, ఒక్కడూ కంచం ముందు కూర్చోడు. అలాంటి కథని నేను నమ్మను." ఈ మాట పెళ్ళయిన కొత్తలోనే భార్య ప్రమీలారాణి విన్నది.

ఆమెకీ చదవడం వచ్చు. కొట్లో పొట్లాల కాగితాలు చింపింది ఆమే కాబట్టి, చాలాసార్లు ఆయనకంటే ముందే చదివేసేది.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో తిరగమోత పెడుతుంటే, కోడలు సాయిప్రియ జిరాక్స్ కాగితాలు ఊపుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, చూడండి! మావయ్యగారి బావి పుస్తకానికి చివర దొరికింది!"

ప్రమీలారాణి చేతిలో గరిట ఆగింది. ఆవాలు చిటపటలాడి నల్లబడ్డాయి.

"ఎక్కడ దొరికిందే?"

"నెట్‌లో. పాత వారపత్రికలన్నీ ఎవరో స్కాన్ చేసి పెట్టారు. బావి పుస్తకం పేజీల పైన పత్రిక వాళ్ళు వేసిన పేరుంది కదా, అది పట్టుకుని వెతికా. ప్రింట్ తీయించుకొచ్చా. భోజనం చేసి లేచాక ఇద్దాం. ఎంత సంతోషపడతారో!"

"ఎందుకు పడరు," అంది ప్రమీలారాణి. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని ఆ కాగితాలు అందుకుంది. చదవక్కర్లేదు. అందులో ఏముందో ఆమెకి తెలుసు.

కిషోర్‌బాబు పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల నాటి మాట. బావి పుస్తకం అన్నదమ్ముల కథ. పొలం మధ్య ఒక బావి. పంపకాల్లో అది ఎవరికి రావాలో తేలక, మాటలు పోయి, ఒకడు నీళ్ళు తోడుతుంటే ఇంకొకడు గట్టు మీదే నిలబడే దాకా వచ్చింది. వీరరాఘవయ్య ఆ కథకి అతుక్కుపోయాడు. ఎందుకో ప్రమీలారాణికి తెలుసు. ఆయన తమ్ముడు సీతారామాంజనేయులు నందిగామలో వేరు కొట్టు పెట్టుకుంటూ, తండ్రి వాడిన ఇత్తడి కాటా చెప్పకుండా పట్టుకుపోయాడు. "నా గుమ్మం తొక్కద్దని చెప్పండి వాడికి," అన్నాడు ఈయన. అంతే, రాకపోకలు ఆగిపోయాయి. జగ్గయ్యపేటకీ నందిగామకీ బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, వీళ్ళు మాత్రం ఎక్కలేదు.

సాంబయ్య తెచ్చిన మోపులో ఆ కథ చివరి వారం ఆమె కంటబడింది. నిలబడే చదివేసింది. అన్న మనసు మార్చుకుని బయల్దేరతాడు. వెళ్ళేసరికి తమ్ముడి వాకిట్లో పాడె కడుతుంటారు. అన్న వెనక్కి వచ్చి, మనుషుల్ని పెట్టి ఆ బావి పూడ్పిస్తాడు. అయిపోయింది.

ఇది చదివితే ఈయన ఏమవుతాడు? ఇంకా బిగుసుకుపోతాడు. తలరాత అంటాడు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ట్రాక్టరు తోలే వత్సవాయి బుల్లిబాబు చింతపండుకి వచ్చి నిలబడితే, ఆ కాగితంలోనే చుట్టి ఇచ్చేసింది.

సాయంత్రం మొగుడితో, "బావి కథ అయిపోయిందండీ. చూసుకోకుండా పొట్లం కట్టేశా. చదివాన్లెండి, చెప్తా వినండి," అంది. అన్న పొద్దున్నే బయల్దేరి వెళ్ళాడంది. గుమ్మంలో ఎవరూ ఏం మాట్లాడలేదంది. తమ్ముడి పెళ్ళాం పీట వేసి, గుత్తొంకాయ కూరతో కంచం పెట్టిందంది. అన్న కూర్చుని తిన్నాడంది. ఇంకేం తోచక అక్కడితో ఆపేసింది.

వీరరాఘవయ్య చాలాసేపు గల్లా పెట్టె మూత మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. "తిన్నాడా?" అన్నాడు. "తిన్నాడు," అంది. ఆ వారంలోనే, సరుకు పనుందని చెప్పి నందిగామ బస్సెక్కాడు. కాటా మళ్ళీ ఈ ఇంటికి రాలేదు, ఎవరూ అడగలేదు. అన్నదమ్ములు మాత్రం ఆ తర్వాత తమ్ముడు పోయేదాకా ఒకరి ఇంట్లో ఒకరు తింటూనే ఉన్నారు.

సీతారామాంజనేయులు పోయినేడాదే పోయాడు. అప్పట్నించీ ఈయన ఊరికూరికే బావి పుస్తకం తీసి, చివర కుట్టిన తెల్ల కాగితాల దగ్గర ఆగుతాడు. వచ్చినవాళ్ళందరికీ, "రాస్తే అలా రాయాలండీ. మనుషుల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టాడు," అని చెబుతాడు. అందుకే ఆమెకి భయం. అదంతా అబద్ధమని ఇప్పుడు తెలిస్తే ఆ మనిషికి తమ్ముడితో గడిచిన కాలమంతా ఏమైపోతుంది?

ఆరిన పొయ్యి వైపు ఒకసారి చూసింది. అప్పుడైతే చింతపండుతో పోయింది. ఇప్పుడు ఎవరికి చుట్టి పంపినా ఫోనులో ఉండనే ఉంటుంది.

"నేనిస్తాలేవే," అంది కోడలితో.

ఆయన మిద్దె మీద కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. పుస్తకంలో గుర్తుకి పెట్టుకునే అగ్గిపుల్ల చెవి మీద ఉంది. ఆమె కాగితాలు చేతిలో పెట్టి, కందిపప్పు చేట తెచ్చుకుని గుమ్మం దగ్గర కూలబడింది. అందులో ఏరడానికి ఒక్క రాయీ లేదు. కొట్లో మెషీను పప్పు అది.

ఆయన చదివాడు. మళ్ళీ మొదటి కాగితం పైకి తీసి చదివాడు.

"ఇందులో అన్నం లేదే," అన్నాడు.

"లేదు."

"అసలు తమ్ముడే లేడు."

ఆమె చేటలో పప్పు అటూ ఇటూ జరిపింది.

"అప్పుడే చదివావా నువ్విది?"

"చదివా. చదివే చింతపండు చుట్టా."

ఆయన కాగితాలు బీరువాలో పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం కాఫీకి రాలేదు. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని నందిగామ వైపు పోయే బస్సులు చూస్తున్నాడని కిషోర్‌బాబు వచ్చి చెప్పాడు. "ఏమైందమ్మా నాన్నకి?" అంటే, ఆయన కోసం కలిపిన కాఫీ వాడి చేతికిచ్చింది. రాత్రి అన్నానికి ఆయన వచ్చాడు గానీ కంచంలోంచి తల ఎత్తలేదు. సాయిప్రియ మొహం చిన్నబోయింది. "నచ్చలేదా అత్తయ్యా?" అని రెండుసార్లు అడిగింది.

తెల్లారి ప్రమీలారాణి కాఫీ పట్టుకుని మిద్దె ఎక్కేసరికి మైదా జిగురు వాసన కొట్టింది. ఆయన నేల మీద చాప వేసుకుని కూర్చున్నాడు. బావి పుస్తకం కుట్టు విప్పి ఉంది. జిరాక్స్ కాగితాలు అంచులు కత్తిరించి, పాత పేజీల కొలతకి తెచ్చి, అప్పటిదాకా ఉన్న ఆఖరి పేజీ పక్కన అమర్చాడు.

"అంటిస్తున్నారా?" అంది.

"దొరికిన వారం అంటించకుండా ఎలా? రాసినాయన కథ, రాసినాయనిష్టం. చంపుకున్నాడు." జిగురు వేలు పంచెకి తుడుచుకున్నాడు. "బాగానే రాశాడు. నేనూ అప్పుడు బస్సెక్కకుండా ఉంటే ఇలాగే అయ్యేదేమో."

కాగితాలు సరిచేసి, వాటి వెనక, తీసిన తెల్ల కాగితాలు మళ్ళీ పేర్చాడు. ఆమెకి అర్థం కాలేదు.

"అవెందుకింక? దొరికిందిగా."

"ఇదొకటి దొరికింది. నువ్వు చెప్పింది ఎక్కడుంది? నీ నోట్లో ఉంటే నీతోనే పోతుంది." కిటికీలో ఉన్న పెన్ను తీశాడు. "ఏం బెదిరిపోయావే నిన్న! నేనేదో బస్సులు చూసుకుంటుంటే. కూర్చో, చెప్పు."

"ఇప్పుడా? పొయ్యి మీద పాలున్నాయి."

"కోడలు చూస్తుంది. చెప్పు."

ప్రమీలారాణి గోడకి చేరబడింది. మొదట్లో మాట తడబడింది. అన్న పొద్దున్నే బయల్దేరాడు. గుమ్మంలో ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడి పెళ్ళాం పీట వేసింది. ఆయన అక్షరాలు దిద్దినట్టు నెమ్మదిగా రాస్తున్నాడు.

"కూరేంటి?" అన్నాడు తలెత్తకుండా.

"గుత్తొంకాయ." కథ అల్లి చెప్పిన రోజు బుట్టలో ఉన్నవి వంకాయలే మరి, బాగా గుర్తుంది.

"కాదే. బీరకాయ. పాలు పోసి వండింది."

"నేను చెప్పానండీ, నాకు తెలీదా? గుత్తొంకాయే."

"బీరకాయ," అన్నాడు మొండిగా.

ఆమెకి అప్పుడు తట్టింది. నందిగామలో మరిది భార్య నాగవల్లి బీరకాయలో పాలు పోస్తుంది. ప్రమీలారాణి ఎప్పుడూ అలా వండదు.

"సరే, బీరకాయే రాయండి."

ఆయన రాశాడు. రాసి ఆగలేదు, కాగితం మీదికి వంగి తనంతట తనే ఇంకొక వరస రాసుకుంటూ పోయాడు. ప్రమీలారాణి కళ్ళజోడు సర్దుకుని పక్కనుంచి చదివింది. తను చెప్పిన మాట కాదది. ఇన్నేళ్ళలో ఆయనా తనకెప్పుడూ చెప్పలేదు.

'కూరలో ఉప్పు తగ్గింది. అన్న పైకి అనలేదు. తమ్ముడు ఉప్పు గిన్నె ఇటు జరిపాడు.'