గాజుల మాస్టారు

మూడో మరమేకు రానంటోంది.

గాజుల మాస్టారు దాని నెత్తిన ఒక చుక్క స్పిరిటు వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మొండికేసిన మర మీద బలం చూపిస్తే దాని తల అరిగిపోతుంది. తల అరిగిన మరని ఇక బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. అందుకని దానికి పది నిమిషాలు గడువిచ్చారు. ఈలోగా తన ఎడమచేతి వణుకు కూడా సద్దుమణుగుతుందేమోనని చూశారు. అది మాత్రం సద్దుమణగలేదు.

బల్ల మీద పాత తువ్వాలు పరిచి ఉంది. జారిన మర దొర్లిపోకుండా అదొక ఏర్పాటు. పక్కన గుడ్లు పెట్టుకునే అట్ట. విప్పిన మరలు విప్పిన వరుసలోనే దాని గుంటల్లో పడాలి. మొదటి గుంటలో ఒకటి, రెండో గుంటలో ఒకటి ఉన్నాయి. తువ్వాలు మధ్యలో పిడికిలంత లెన్సు. వేళ్లు పట్టుకునే చోటల్లా నలుపు పోయి ఇత్తడి బయటపడింది. లోపలి గాజు మీద సన్నటి వేళ్లలా బూజు పాకింది. ఇరవై ఏళ్లు బీరువాలో చీరల కింద ఉండిపోయిందట.

లెన్సుని గాజు అనడం ఆయనకి అలవాటు. "గాజు బంగారంలా ఉందమ్మా, డొక్కే పాడైంది" అంటుంటారు. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. దాన్ని నమ్ముకుని, కింద దర్జీ దుకాణానికి వచ్చిన ఆడవాళ్లలో నెలకి ఒకరైనా రెండంతస్తులు ఎక్కి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, చేతిలో గుడ్డముక్క చూపించి, "దీనికి నప్పే రంగు ఉందాండీ?" అని అడుగుతారు.

"నా గాజులు చేతికి ఎక్కవమ్మా, కంటికే" అంటారు మాస్టారు. అని ఊరుకోరు. ఏదో ఒక లెన్సు అందించి కిటికీలోంచి చూడమంటారు. వీధి తలకిందులుగా, చిన్నదిగా, మెరుస్తూ కనిపిస్తుంది. కొందరు నవ్వుకుంటూ దిగిపోతారు. కొందరు అలా చూస్తూ ఉండిపోతారు. దర్జీ ఆవిడ కింది నుంచి కేకేస్తుంది: "మాస్టారూ, నా బేరాలన్నీ మీ దగ్గరే ఆగిపోతున్నాయి!"

ఒకప్పుడు ఆయన కెమెరా కంపెనీవాళ్ల మరమ్మతు కేంద్రంలో పనిచేశారు. ఇరవై మూడేళ్లు. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆయనే పని నేర్పేవారు కాబట్టి మాస్టారయ్యారు. ఫిల్ము పోయాక కేంద్రం మూతపడింది. ఆ తర్వాత పదకొండేళ్లు నీటి మీటర్లు బాగుచేశారు. వాటికీ గాజు మూత ఉంటుంది. "చూస్తే లోపల నీళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు" అని ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. అప్పట్లో నవ్వలేదు. ఆయన భార్య పోయింది ఆ మీటర్ల రోజుల్లోనే. అద్దెకు తీసుకున్న ఈ గదిలో ఆయన మళ్లీ కెమెరా పనిముట్లు పట్టుకోవడం ఆవిడ చూడలేదు.

పని మళ్లీ వస్తుందని ఆయనా అనుకోలేదు. కొత్త కెమెరాల్లో ఫిల్ము ఉండదు, బుర్ర ఉంటుంది. వాటి లెన్సులు తమంతట తామే తిరుగుతాయి. మరి పాత గాజుల కోసం జనం ఎందుకు వెతుకుతున్నారో ఆయనకి మొదట్లో అర్థం కాలేదు. ఎవరి కారణం వారిది. చవకని కొందరు. వెలుగు మెత్తగా పడుతుందని కొందరు. చేత్తో తిప్పితే తప్ప స్పష్టం కాకపోవడమే బాగుందని ఇంకొందరు. మధ్యలో ఒక లోహపు రింగు బిగిస్తే చాలు, పాత గాజు కొత్త కెమెరా మీద కూర్చుంటుంది. మామూలు రకాలకి రింగులు బజార్లో దొరుకుతాయి. దొరకని వాటికి ఆయన చిన్న లేతు యంత్రం మీద తనే చేస్తారు. ఈ ఇత్తడి బయటపడ్డ లెన్సుకి దొరకలేదు. వారం రోజులుగా ఆ రింగే చేస్తున్నారు.

పొద్దున కూతురు ఆయన్ని దింపడానికి స్కూలు వ్యాను మెట్ల దగ్గరే ఆపింది. ఆ వ్యాను నడిపేది తనే. వెనక పాతికమంది పిల్లలు గోల చేస్తున్నారు.

"నాన్నా, ఈ నెలాఖరుకి గది ఖాళీ చేసేద్దాం. ఇంట్లో బల్ల వేసుకో. ఆ మెట్లెక్కితే నీకు ఆయాసం వస్తోంది."

"చూద్దాంలే తల్లీ."

"నీ 'చూద్దాంలే' నాకు కొత్తా? బళ్లో చేరినప్పట్నుంచీ వింటున్నా."

ఆయన దిగి, కిటికీ అద్దంలోంచి పిల్లలకి చెయ్యి ఊపారు. అందరూ ఊపారు. కూతురు మాత్రం ఊపలేదు, ఆయన ఎక్కే మెట్లు లెక్కపెడుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

పది నిమిషాలయ్యాక మూడో మర పెద్ద రభస చేయకుండానే తిరిగింది.

గాజు తుడవడం అయ్యేసరికి పదకొండు. ఆ లెన్సు కోసం సాయంత్రం రావలసిన డాక్టరమ్మ అప్పుడే తలుపు తట్టింది. పళ్ల డాక్టరు. ముప్ఫై దాటి ఉంటాయి. మెడలో కొత్త కెమెరా. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. ఇరవై రెండు రోజుల పసిపాపని భర్తకి అప్పగించి వచ్చింది.

"ఒంటిగంటకి పాలకి లేస్తుంది మాస్టారూ. అంతవరకే నాకు సెలవు. ఉండబట్టలేక వచ్చేశా."

ఆమె తల్లి ఈ లెన్సుతోనే ఆమె చిన్నప్పటి ఫొటోలన్నీ తీసింది. తల్లి పోయి నాలుగేళ్లు. ఇప్పుడు తన కూతుర్ని ఆ గాజులోంచే చూడాలని ఆమె కోరిక. మరొక చోట అడిగితే, లెన్సు వెనక అంచు కోసేసి బజారు రింగు అతికిస్తే ఒక్క రోజులో అయిపోతుందన్నారట. మొదటిరోజు ఆమె మాస్టారిని అడిగిందీ అదే. ఇవాళ మళ్లీ అడిగింది.

"ఇంత కష్టపడే బదులు కోసెయ్యకూడదా? అమ్మ పాత కెమెరా ఇంకెవరు వాడతారు చెప్పండి?"

మాస్టారు గాజు మీద ఊది, వెలుతురుకి పట్టి చూశారు.

"ఒకసారి కోశానమ్మా. కొత్తలో. ఒకబ్బాయి తొందరపెట్టాడు. రెండేళ్లకి వాళ్లన్నయ్య పాత కెమెరా పట్టుకుని వచ్చాడు. ఫిల్ము దొరికింది, నాన్న లెన్సు దీనికే మళ్లీ పెట్టివ్వండన్నాడు. ఏం పెట్టను? తల తిరిగిపోయింది నాకు. అతను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది."

ఆమె తువ్వాలు మీది లెన్సు వెనక అంచు వంక చూసింది.

"మన తర్వాత ఇంకెవరో విప్పుతారు. వాళ్లు మనల్ని తిట్టుకోకూడదు. అంతే."

గాజు గూట్లో కూర్చుంది. దాన్ని పట్టి ఉంచే మూడు మరలు బియ్యపు నూకంతైనా లేవు. వాటిని రంధ్రాల్లోకి నెట్టడానికి మాస్టారు సన్నటి కొక్కెంలాంటి పనిముట్టు తీశారు. డాక్టరమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది మాదీ! పళ్లలో పుచ్చు వెతికేది!"

"ఎక్కడో మీవాళ్లే పారేస్తే ఏరుకున్నా. దీన్ని మించింది లేదు."

మొదటి మర తన చోట పడింది. రెండోది రెండుసార్లు జారింది. మూడోది ఎంతకీ రంధ్రంలో కూర్చోలేదు. ఎడమచెయ్యి లెన్సుని నిలకడగా పట్టుకోవడం లేదు. ఆయన ఒకసారి చెయ్యి విదిలించారు. నుదుట చెమట పట్టింది. ఆమె ముందు ఇలా జరగడం ఆయనకి సిగ్గుగా ఉందని ఆమెకి అర్థమైంది.

"నేను పెట్టనా? రోజంతా నోళ్లలో ఇదే పని కదా నాకు."

ఇరవై మూడేళ్లలో, ఆ తర్వాత కూడా, ఆయన మొదలుపెట్టిన గాజు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఆయన ఆమె వేళ్ల వంక చూశారు. పొట్టి గోళ్లు. కదలిక లేని మణికట్లు. కొక్కెం, సన్నటి స్క్రూడ్రైవరు ఆమెకి అందించి, కుర్చీలోంచి లేచి పక్కకి జరిగారు.

"ముందు వెనక్కి తిప్పమ్మా. గాడిలో పడి టక్కుమంటుంది. అప్పుడు ముందుకి. బిగించకు, ఆగినచోట ఆపెయ్."

టక్కుమంది. ఆమె ముందుకి తిప్పి, ఆగినచోట ఆపేసింది.

"ఇరవై మందికి నేర్పాను. ఒక్కడూ మొదటిసారి ఆపలేదు" అన్నారు మాస్టారు. ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

రింగు పెట్టి లెన్సుని కెమెరాకి తగిలించారు. కెమెరా తెర మీద 'లెన్సు లేదు' అన్న అక్షరాలు వచ్చాయి. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది.

"కంగారుపడకు. పాతవాళ్లని ఇది గుర్తుపట్టదు. లెన్సు లేకున్నా ఫొటో తియ్యమని మనమే చెప్పాలి." ఆయన తెర మీద ఒకచోట నొక్కారు. అక్షరాలు పోయి, బల్ల మీది గుడ్ల అట్ట కనిపించింది, మసగ్గా. ఆమె చేత్తో లెన్సు తిప్పింది. మసకలోంచి అట్ట అంచు, దాని నూగు, ఒక గుంటలో చిక్కుకున్న దారప్పోగు తేలి వచ్చాయి. వెనకనున్న గోడ మెత్తగా కరిగిపోయి ఉంది.

"అమ్మ ఫొటోల్లో ఇలాగే ఉంటుంది, వెనకాల..." అంది. కాసేపు అట్టనే ఫొటోలు తీస్తూ నిలబడింది. "పట్టుకెళ్లిపోనా?"

"సాయంత్రం రామ్మా. దగ్గరవి బాగానే వస్తున్నాయి. రింగు ఏమాత్రం ఎక్కువ మందమున్నా దూరం మసగ్గా వస్తుంది. మేడ మీదకెళ్లి చూడాలి."

"పాప చేతికందే దూరంలోనే ఉంటుంది కదండీ. దూరంతో నాకేం పని?"

"పాప పెరుగుతుంది కదమ్మా" అన్నారు మాస్టారు. "పరుగెడుతుంది."

ఆమె కెమెరాని బల్ల మీద పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనం చేసి, మూడింటికి ఆయన కెమెరా, మూడుకాళ్ల స్టాండు పట్టుకుని మేడ ఎక్కారు. ఊరి చివర నీళ్ల ట్యాంకు ఉంది. దాని ఒంటికి ఇనుప నిచ్చెన. ఆ నిచ్చెన మెట్లు విడివిడిగా లెక్కపెట్టగలిగితే దూరం కుదిరినట్టు. ఆయన లెన్సుని చివరిదాకా తిప్పారు. నిచ్చెన ఒక గీతలా ఉంది తప్ప మెట్లు లేవు.

కిందికి దిగారు. రింగు విప్పారు. దాని మరలు పెద్దవి, వాటితో చేతికి పేచీ లేదు. అద్దంపలక మీద గరుకు కాగితం పరిచి, రింగు బిళ్లని దాని మీద గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టారు. ఇరవైసార్లు ఇటు, ఇరవైసార్లు అటు. ఎక్కువ అరిగితే మళ్లీ మొదటికొస్తుంది. బిగించి, మళ్లీ మేడ ఎక్కారు. మెట్లు ఉన్నాయేమో అనిపించింది, లెక్కకి రాలేదు.

రెండోసారి దిగినప్పుడు దర్జీ ఆవిడ మెట్లెక్కి వస్తూ ఎదురైంది.

"ఏంటి మాస్టారూ, ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం! ఎవరితో పందెం?"

"పందెం కాదు. ఒక వెంట్రుక వాసి తేడా ఉంది."

"కూర్చోండి కాసేపు. ముఖం చూడండి ఎలా ఉందో."

"అయిపోవచ్చిందమ్మా" అన్నారాయన. గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. మళ్లీ గదిలోకి వెళ్లి పన్నెండుసార్లు రుద్దారు.

మూడోసారి మేడ మీద ఎండ పల్చబడింది. లెన్సు తిప్పుతుంటే నిచ్చెన గీత చీలింది. ఒక్కొక్క మెట్టూ వేరయింది. ఆయన కింది నుంచి లెక్కపెట్టారు. ఇరవై ఆరు. పై నుంచి లెక్కపెట్టారు. ఇరవై ఆరే. ట్యాంకు అంచున ఆరేసిన ఎవరిదో ఎర్ర తువ్వాలు కూడా కనిపించింది. ఎవడు ఆరేశాడు అంత ఎత్తున అనుకుని నవ్వుకున్నారు. ఎడమ భుజం లాగుతోంది. మెట్లగది గోడ నీడలో కూర్చుని వీపు ఆనించారు. నేల ఇంకా వెచ్చగా ఉంది. కూతురు వచ్చే వేళవుతోంది. వచ్చాక గది సంగతి చెప్పాలి, సరేనని. లేతు యంత్రం ఇంట్లో ఏ మూల పడుతుందో ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నారు.

అయిదింటికి కూతురు ఖాళీ వ్యానుతో వచ్చి హారను కొట్టింది. రెండోసారీ కొట్టింది. దర్జీ ఆవిడ చెయ్యెత్తి పైకి చూపించింది. ఆ అమ్మాయి విసుక్కుంటూ మెట్లెక్కింది. గదిలో లేరు. మేడ మీద గోడకి ఆనుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని ఉన్నారు. "నాన్నా, ఇక్కడ కూర్చున్నావేంటి?" అంది. దగ్గరికి వెళ్లి ఆ చేతులు పట్టుకుంది. ఎడమచెయ్యి వణకడం లేదు. ఆ పక్కనే, ఆ నేల మీదే, చాలాసేపు కూర్చుండిపోయింది. దర్జీ ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఎవరినీ పిలవలేదు.

పది రోజుల తర్వాత కూతురు గది తెరిచింది. డాక్టరమ్మ పాపని భుజాన వేసుకుని వచ్చింది. పాప తన భాషలో ఏదో అంది.

"ఆ రోజు నేను తొందరపెట్టకుండా ఉంటే..." అని మొదలుపెట్టింది డాక్టరమ్మ.

"లేదండీ" అంది కూతురు. "మీరు పట్టుకెళ్తానన్నా ఇచ్చేవాడు కాదు. నాన్న సంగతి నాకు తెలుసు."

దర్జీ ఆవిడ ఆ సాయంత్రమే మేడ మీంచి తెచ్చి బల్ల మీద పెట్టిన కెమెరా, స్టాండుతో సహా, అలాగే ఉంది. కూతురు పాపని ఎత్తుకుంది. డాక్టరమ్మ కెమెరా చేతిలోకి తీసుకుంటే లెన్సుకి కట్టిన చిన్న అట్టముక్క వేలాడింది. మేడ మీదే రాసి కట్టినట్టున్నారు. పెన్సిలు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి: 'దూరం కుదిరింది. ఏమీ కోయలేదు. అమ్మగారి కెమెరాకి కూడా పడుతుంది.' దాన్ని తెల్లటి కుట్టుదారంతో కట్టారు. ఎవరైనా కొస పట్టుకుని మెల్లగా లాగితే చాలు, ఊడి వచ్చేలా, ఒంటి ముడి.