తలుపు మీది మాట

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ సామెత తన కోసమే పుట్టిందని తోలు కోసే కటింగ్ మాస్టరు ఇప్పుడు నమ్ముతున్నాడు. లేకపోతే బూట్ల కార్ఖానాలో అందరూ సమ్మె కట్టి గేటు బయట కూర్చున్నప్పుడు, బుద్ధున్నవాడెవడైనా వెనక తలుపు తోసుకుని లోపలికి పోతాడా?

సమ్మె జిగురు గది గురించి. ఆ గదికి కిటికీ లేదు. అందులో పనిచేసే ఆడవాళ్ళంతా దగ్గుతారు. కిటికీ పెట్టేదాకా పని ముట్టమని కూర్చున్నారు.

మాస్టరు లోపలికి పోయింది పని చెయ్యడానికి కాదు. ముందురోజు బూట్ల అడుగున వేసే తోలు తొట్టిలో నానబెట్టి, హడావిడిలో తీయడం మరిచాడు. అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది. ఆ సంగతి గుర్తొచ్చాక ఆయనకు ముద్ద దిగలేదు. తీసి, ఆరేసి వచ్చేద్దామనుకున్నాడు. యజమాని గడుసు పిండం. వీధివైపు కిటికీ దగ్గర ఆరెయ్యి మాస్టరూ, గాలి బాగా తగులుతుంది అన్నాడు. ఈ వెర్రిబాగులవాడు అలాగే చేశాడు. గేటు బయటివాళ్ళకు కిటికీలో మాస్టరూ, చేతిలో తోలూ కనిపించాయి. మాస్టరే పనిలోకి దిగాక మనకెందుకీ పస్తులని ఒకరి వెనక ఒకరు లేచారు. సాయంత్రానికి సమ్మె చప్పబడిపోయింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మర్నాడు ఆయన ఇంటి తలుపు మీద నల్లరంగుతో ఒక ఇంగ్లీషు మాట: స్కాబ్. రాత ఎవరిదో చూడగానే తెలిసింది. పెట్టెల మీద సైజులు రాసే చెయ్యి అది. సమ్మె నడిపిన బావది, సొంత అక్క మొగుడిది.

కాలేజీలో చదివే కూతురు కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ అర్థం చెప్పింది. పుండు మీద కట్టే పక్కును అలా అంటారట. గొర్రెలకు పట్టే గజ్జీ అదేనట. పోనుపోను నీచుణ్ణి తిట్టే మాటయింది, ఆపైన సమ్మె కాదని పనిలోకి పోయేవాడికి అంటుకుంది.

"ఆ తిట్టు మొదట్లో వాడినవాళ్ళలో జోళ్ళు కుట్టేవాళ్ళే ఉన్నారట నాన్నా" అంది.

ఆయన గుడ్డ లాక్కుని తానే రుద్దాడు. పరాయివాడెవడో పెట్టిన తిట్టయితే దులుపుకోవచ్చు. తనలాగే తోలు పట్టి బతికినవాళ్ళు తనలాంటివాడి కోసమే పెట్టుకున్నారంటే ఎలా దులుపుకోవడం? రంగైతే పోయింది. రుద్దినచోట చెక్క తెల్లబడి మాట ఇంకా చదవడానికి వస్తోంది.

కార్ఖానాలో ఒక పద్ధతుంది. టీ ఎవరికి వాళ్ళు పోసుకోరు. మనం పక్కవాడికి పోస్తాం, పక్కవాడు మనకు పోస్తాడు. మాస్టరు పక్కన కూర్చునేది బావే. ఇప్పుడు బావ మాస్టరు కప్పు దాటించి కెటిల్ ముందుకు పంపిస్తున్నాడు. పాపం మాస్టరు ఖాళీ కప్పు ముందు కాసేపు కూర్చుని లేచిపోతాడు. నాలుగు తిట్టినా బాగుండేది. బావ మళ్ళీ ఒక్కసారి ఆ కప్పులో టీ పోస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యమని కూతురు పోరింది. సెలవునాడు అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క పలకరించకుండా వంటింట్లోకి పోయింది. బావ పాత కుట్టు మిషను విప్పుకుని నూనె వేస్తున్నాడు, తలెత్తలేదు. మాస్టరు తొట్టీ, తోలూ, కిటికీ అన్నీ చెప్పాడు.

"నాకు ఆ రోజే తెలుసురా" అన్నాడు బావ.

మాస్టరుకు ప్రాణం లేచొచ్చింది.

"నీ చేతిలో కత్తి లేదు. తోలు ఆరేస్తున్నావని చూస్తూనే ఉన్నా. గేటు దగ్గరవాళ్ళకీ చెప్పా, ఎవరూ వినలేదు." బావ నూనె డబ్బా కింద పెట్టాడు. "మీ అక్క ఆ జిగురు గదిలో గాలాడక దగ్గుతుంటే రోజూ వింటూనే ఉన్నావు కదా. ఒక్కపూటైనా నీకు ముద్ద దిగకుండా పోయిందా? తోలుకి గాలి కావాలని మాత్రం పరిగెత్తావు."

వంటింట్లో అక్క దగ్గు అందుకుంది, ఎంతకీ ఆగలేదు.

మర్నాడు టీ వేళకు కెటిల్ తన దగ్గరికి రాకముందే ఆయన తన కప్పు తానే బోర్లించాడు. లేచి పోలేదు. గోడ అవతల జిగురు గదిలో దగ్గు వింటూ, అందరూ తాగడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.